బాలశౌరి బూరెల సీను

చర్చి కాగానే ఆదివారం మ్యాట్నీకొచ్చిన రాజారత్నం పొట్ట చేత్తో పట్టుకుని నవ్వుతున్నాడు. తెరమీద ఒక లావుపాటి పెళ్ళిపెద్ద పూర్ణం బూరెలు మెక్కి విస్తరి ముందునుంచి లేవలేకపోతున్నాడు. ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని లాగుతుంటే, సందు చూసుకుని ఇంకో బూరె నోట్లో వేసుకుంటున్నాడు.

సగం నవ్వులో రాజారత్నానికి అనుమానమొచ్చింది. మాచర్ల హాలంతటికీ నవ్వేది తనొక్కడే. చుట్టూ ముక్కులు చీదుతున్న చప్పుడు.

"ఏందయ్యా ఆ నవ్వు?" అన్నాడు పక్కనున్న పెద్దాయన. "ఆ తెరమీదున్న బాలశౌరి మా ఊరోడు. పోయి మూణ్ణెల్లయింది. అదుగో, ఆయన కూతురు ఆడోళ్ళ బెంచీలోనే ఉంది."

సాగర్ డ్యాము పనుల్లోకి ఓవర్సీరుగా వచ్చి పట్టుమని పదిరోజులు కానివాడికి ఈ సంగతేం తెలుసు? అయినా సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ పిల్ల తిరిగి చూసిన చూపుకి మరోసారి చచ్చాడు. ఈసారి మాత్రం సిగ్గుతో కాదు.

ఆట వదలగానే వెళ్ళి క్షమించమన్నాడు. తిట్లు పడతాయనుకుంటే, నిర్మల అనే ఆ టీచరమ్మ వచ్చే ఆదివారం కూడా రమ్మంది.

"నాన్న ఉన్నప్పుడు ఈ బొమ్మ ఎన్నిసార్లు తిరిగొచ్చినా ఈ సీనుకి హాలు అదిరిపోయేది. ఇప్పుడందరూ శవం పక్కన కూర్చున్నట్టు కూర్చుంటున్నారు. ఇయ్యాల మీరు నవ్వితే ఆయన బతికున్నట్టే అనిపించింది."

తల్లి ఆరోగ్యమ్మ ఆయన పోయిననాటినుంచి ఇల్లు కదల్లేదట, సరిగా ముద్ద ముట్టలేదట. బతిమాలి తీసుకొస్తుందట. ఆ నవ్వు అమ్మ ఒక్కసారి వినాలట.

అదెంత పని అన్నాడు రాజారత్నం. వారమంతా డ్యాము మీద ఒంటరిగా నవ్వు ప్రాక్టీసు చేస్తుంటే, ఓవర్సీరుకి వడదెబ్బ తగిలిందని కూలీలు జాలిపడ్డారు.

తీరా ఆ సీను వచ్చేసరికి అతనికి నవ్వు రాలేదు. అవే బూరెలు, అదే బొజ్జ. కానీ పోయినవారం తిండిపోతులా కనబడ్డ మనిషి ఇప్పుడు నిర్మల వాళ్ళ నాన్న. ఆ కళ్ళు అచ్చం ఆమె కళ్ళే. కూతురి పెళ్ళిలో కూడా ఈయన విస్తరి ముందు కూర్చోడు కదా అని తోచగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నిర్మల వెనక్కి తిరిగి కళ్ళతోనే బతిమాలింది. ఉన్న బలమంతా కూడదీసుకుని నవ్వబోతే, తల్లికోసం దూడ అరిచినట్టు ఒక వింత కూత వచ్చింది.

ఆ కూతకి ఎవరో కిసుక్కుమన్నారు. చూస్తే నిర్మల పక్కన కూర్చున్న ఆరోగ్యమ్మ. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా భుజాలు ఆగడం లేదు. "చాల్లే, ఇంక లేవయ్యా," అని తెరమీది మొగుణ్ణి గదమాయించింది కూడా. ఆవిడే నవ్వాక ఇంకెవరాగుతారు? హాలు పగిలిపోయేలా నవ్వారు.

బయట ఆవిడ రాజారత్నాన్ని పిలిచింది. అతని కళ్ళింకా తడిగానే ఉన్నాయి.

"మా ఆయన్ని ఎన్నడూ ఎరగనోడివి. నీకెందుకు నాయనా ఏడుపు?"

అతను నిర్మల వంక చూశాడు. ఆవిడకి ఆ జవాబు సరిపోయింది.

"మీ పెద్దోళ్ళని ఒకసారి మా ఇంటికి రమ్మను," అంది ఆరోగ్యమ్మ.

ఈసారి కిసుక్కుమన్నది నిర్మల.