గవాక్షి కింది బండ

పాత ఇల్లు బాగు చేసుకోవడమంటే వారం రోజుల పని అనుకున్నాను. ఫోన్లో వీడియోలు చూసి మేస్త్రీనైనవాణ్ణి, అంతకంటే ఏం తెలుస్తుంది! బనగానపల్లెలో మేం కొన్న ఆ మట్టి మిద్దెలో ఒక గోడ గీకితే పక్క గోడ రాలేది. ఇరవై రోజులైనా పని తెమల్లేదు. ఆదివారానికల్లా అద్దె ఇల్లు ఖాళీ చేయాలి.

నా భార్య హేమావతి ఆసుపత్రిలో నర్సు. పొద్దున పోతే సాయంత్రానికి గానీ రాదు. ఎండాకాలం సెలవులని మా ఆరేళ్ల అంజలి నాతోనే ఉండేది. పిల్లకి ఆయాసం, దుమ్ము పడదు. దుమ్ము లేని ఇంట్లో దాన్ని పడుకోబెట్టాలన్నదే నా పంతం.

అందుకే ముందు గవాక్షి మూసేశాను. మిద్దెకప్పులో వెలుతురు కోసం వదిలిన చదరపు కంత అది. గాలి వీస్తే కప్పు మీది మన్నంతా అందులోంచి నట్టింట్లోకి దిగేది. పైన బండ పరిచి, సందులన్నీ సిమెంటుతో మెత్తి, చేతులు దులుపుకుని దిగాను.

మర్నాడు మధ్యాహ్నం నట్టింట్లో చదరంగా ఎండ పడింది.

నా పనితనం మీద నాకే ఒళ్లు మండింది. నిచ్చెనేసుకుని మిద్దె ఎక్కాను. ఎక్కడా చీలిక లేదు. సుత్తితో కొట్టి చూశాను, గట్టిగానే ఉంది. కిందికొచ్చి తలెత్తితే కప్పు నల్లగా కనిపించింది. నేల మీద మాత్రం ఎండ.

అదొక్కటైతే సర్దుకుపోయేవాణ్ణి. ఆ ఎండ పడేచోట నేలకి పరిచిన బేతంచెర్ల నాపబండ ఒక్కటే నిలిచేది కాదు. చుట్టూ పరిచినవన్నీ బిగిశాయి, అది మాత్రం తెల్లారేసరికి కదిలేది. మూడుసార్లు లేపి మళ్లీ పరిచాను. మూడోసారి లేపినప్పుడు కింద సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. అందులోంచి పెనం మీద కాలుతున్న జొన్నరొట్టె వాసన వచ్చింది.

శుక్రవారం పక్కింటి బసమ్మవ్వ పని చూడ్డానికొచ్చి, కప్పు వైపు చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏమప్పా, గవాక్షి ఎందుకు మూసినావు?"

"దుమ్మవ్వా."

ఆమె గొంతు తగ్గించింది. "మా అవ్వ చెప్పేది. ఊర్లో పెద్ద జబ్బు వచ్చినప్పుడు ఈ ఇంటి చిన్న కోడలికి సోకిందంట. లోపల పెట్టి బయట గొళ్లెం ఏసినారు. గవాక్షిలోంచి దినానికొక రొట్టె ఏసేటోళ్లు. 'ఉండావా?' అని పైనుంచి అడిగితే 'ఉండా' అని పలికేదంట. ఒకనాడు పలకల్యా. బండ కప్పేసినారు."

"మరి తెరిచిందెవరు?"

"ఎవురూ తెరవలేదప్పా. నాకు తెలిసినప్పట్నుంచీ తెరిచే ఉండాది."

నాకు విసుగొచ్చింది. ఇల్లు కొనేటప్పుడు నోరు మెదపని వాళ్లు, చెమటోడ్చి నేలంతా పరిచాక వచ్చి కథలు చెబుతారు. ఆమె పోయాక అంజలి నా చొక్కా పట్టుకుని గుసగుసగా అంది, "నాన్నా, పైనుంచి ఎవరో అడుగుతాండారు."

"పిల్లులు తిరుగుతాంటాయి. ఆ బండ మీద కూచోవాకు, మళ్లా కదుల్తాది!" అని కసిరాను. పిల్ల ఏమంటోందో కూడా సరిగ్గా వినలేదు. నా గోల బండ గురించే.

శనివారం మధ్యాహ్నం. వీధి అరుగు ముందు సిమెంటు కలుపుతున్నాను. చేతులు పగిలి మంట. రేపే సామాను రావాలి, ఆ ఒక్క బండా ఇంకా నిలవలేదు. పారతో ఇసుక మీద కోపం తీర్చుకుంటుంటే లోపలి నుంచి అంజలి గొంతు వినిపించింది. మెల్లగా... పైకి చూస్తూ పలికినట్టు.

"ఉండాం."

పార వదిలేసి లోపలికి పరిగెత్తాను.

నట్టింట్లో ఎండ. ఆ ఎండలో, కదిలే బండ మీద అంజలి కూర్చుని ఉంది. దాని ముందు రెండు జొన్నరొట్టెలు. ఆవిరి లేస్తోంది.

"ఎవరిచ్చారు?"

అంజలి కప్పు వైపు వేలు చూపించింది.

"రెండెందుకు?"

ఈసారి పక్కన ఖాళీగా ఉన్న చోటుకేసి చూసింది.

ఎత్తుకున్నాను. పిల్ల ఒళ్లు కాలిపోతోంది. పొద్దున బాగానే ఉంది... నా ముందే ఆడుకుంది. భుజాన వేసుకుని తలుపు వైపు తిరిగాను.

తలుపు మూసుకుంది. బయట గొళ్లెం పడింది.

తన్నాను. అరిచాను. వీధిలోంచి ఒక్క అడుగు చప్పుడు కూడా లేదు. నేల మీది ఎండ ఒక్క క్షణం మసకబారింది, పైనుంచి ఎవరో వంగి చూసినట్టు. అంజలి నా మెడను గట్టిగా కరుచుకుంది.

వెనకాల బండ మీద మెత్తగా ఏదో పడింది.

తిరిగి చూశాను.

మూడో రొట్టె.