పెద్దన్న పెట్టె

"చరిత్ర రాయగలవా?" అని అడిగాడు చీఫ్.

"కాలేజీలో చెప్పేవాణ్ణి సార్."

"అయితే వెళ్ళి రాయి. మన ఎయిర్‌లిఫ్ట్ స్క్వాడ్రన్‌కి నలభై ఏళ్ళు నిండాయి, పుస్తకం వేస్తున్నారు. నీ కవర్ అదే. అసలు పని వేరు. ఆ స్క్వాడ్రన్ విమానాన్ని గాల్లో పేల్చాలని ఒక విదేశీ ముఠా చూస్తోంది. ముఠాలో మన మనిషి ఉంది. కోడ్ నేమ్ మెరుపు. ఎప్పుడు, ఎలా అన్నది ఆవిడ చెబుతుంది."

ఆ ఏజెంట్‌ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ మాస్టారు అంటారు. చీఫ్ ఆయన చేతిలో ఒక లైటర్ పెట్టాడు. పేలుడు పదార్థం దగ్గరికి వెళ్తే సన్నగా కూస్తుందట. హ్యాంగర్‌లో అడుగుపెట్టగానే పెట్రోలు వాసనకే అది గుక్కపట్టి ఏడ్చింది. మాస్టారు బ్యాటరీ పీకి లైటర్‌ని జేబులో పడేసుకున్నారు.

వారం రోజులు రికార్డు గదిలో కూర్చుని నిజంగానే చరిత్ర చదివారు. ఆ స్క్వాడ్రన్ నలభై ఏళ్ళలో ఒక్క తూటా కూడా పేల్చలేదు. వరద ముంచిన ఊళ్ళకు దుప్పట్లు మోసింది, మంచుకొండల మీది పోస్టులకు మందులు మోసింది. తిరుగు దారిలో గాయపడినవాళ్ళని, ఒక్కోసారి శవాలని మోసింది. గెలుపు సంబరాల ఫొటోల్లో మాత్రం ఆ స్క్వాడ్రన్ మనిషి ఒక్కడూ కనిపించలేదు.

ప్రతి ఫ్లైట్‌కీ ఒక లోడ్ షీట్ ఉంటుంది. ఏ సరుకు ఎక్కడ పెట్టారో, ఎంత బరువో అందులో రాస్తారు. అందులో తప్పు రాస్తే గాల్లో విమానం తూకం తప్పుతుంది. ఇరవై రెండేళ్ళకు పైగా ఆ షీట్లన్నిటి మీదా సరుకు ఎక్కించే ఒకే లోడ్‌మాస్టర్ చేతిరాత. మనిషిని చూసి కిలోలు చెప్పేస్తాడని కుర్రాళ్ళు అతన్ని తక్కెడ బాబాయ్ అంటారు.

"మీరు డెబ్భై ఒకటి మాస్టారూ," అన్నాడతను మొదటిరోజే. "జేబులో ఉన్న ఇనప ముక్కతో కలిపి."

గత ఇరవై రెండేళ్ళుగా ప్రతి షీట్‌కీ చివరి వరుస ఒకటే. పెద్దన్న పెట్టె, నాలుగు కిలోలు.

"ఈ పెద్దన్న ఎవరయ్యా?"

"మా అన్నయ్యేనండీ. ఇక్కడే పైలట్. విమానం కొండకి గుద్దుకుంది. దొరికిన బూట్లూ ఫ్లాస్కూ పెట్టెలో పెట్టి, ప్రతి ఫ్లైట్‌లోనూ ఎక్కిస్తాం. తాళం నా దగ్గరే ఉంటుంది. సెక్యూరిటీవాళ్ళు సెల్యూట్ కొట్టి వదిలేస్తారు, తెరవరు."

"ఎలా గుద్దుకుంది?"

"పైలట్ తప్పిదమని రికార్డులో ఉందిగా, చదవలేదా?" తక్కెడ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక మాస్టారు తల దించుకున్నారు. "ఆ రోజు కమాండర్ గారి సోఫాలు, బీరువాలు కూడా ఎక్కించారండీ. షీట్‌లో రాయొద్దన్నారు. రాయలేదు. సంతకం నాదే. ఆ తర్వాత ఒక్క గ్రాము తప్పు రాస్తే ఒట్టు."

"విచారణలో చెప్పలేదా?"

"చెప్పానండీ. ఆ ఫైలు కమాండర్ గారి ప్రమోషన్‌తోపాటు పైకెళ్ళిపోయింది."

ఎనిమిదో రోజు ఉదయం క్యాంటీన్‌లోకి ఫొటోగ్రాఫర్ వచ్చింది. పుస్తకానికి బొమ్మలు తీసే పని ఆవిడది. నల్ల కళ్ళద్దాలు, నీలం స్కార్ఫ్. ఆవిడ నడిచి వెళ్తుంటే మెకానిక్‌ల చేతుల్లోంచి స్పానర్లు జారాయి.

"వెలుతురు ఎలా ఉంది?" అన్నారు మాస్టారు.

"మబ్బు పడితేనే మొహాలు బాగా వస్తాయి."

కోడ్ కుదిరింది. మెరుపు ఆవిడే.

"ఎప్పుడు?"

"రేపు సాయంత్రం ఫ్లైట్. ఇవాళ హాయిగా చరిత్ర రాసుకోండి."

"అమ్మాయ్, నువ్వు తాగుతున్నది నా టీ."

"అలవాటండీ," అని రెండో కప్పు కూడా తన వైపు లాక్కుంది.

మాస్టారు రికార్డు గదికి తిరిగొచ్చారు. పది గంటల ఫ్లైట్ షీట్ కార్బన్ కాపీ అప్పుడే బల్ల మీదికి వచ్చింది. ముప్పై ఎనిమిది మంది డాక్టర్లు, నర్సులు కొండ మీది పోస్టుకి వెళ్తున్నారు. చివరి వరుసలో పెద్దన్న పెట్టె, ఏడు కిలోలు.

చచ్చిపోయినవాడి బూట్లకు బరువు పెరగదు.

పదికి ఇంకా ఎనిమిది నిమిషాలుందని గడియారం చూపిస్తోంది. మాస్టారు లోడింగ్ బేకి పరుగెత్తారు.

"పెట్టెలో ఏం పెట్టావు?"

తక్కెడ దాచలేదు. "రికార్డరండీ. విమానం దారి కనిపెడుతుందట. ఫొటోల అమ్మాయి పొద్దున్నే ఇచ్చింది. బదులుగా అన్నయ్య ఫైలు ఇస్తానంది. మొదటి పేజీ చూపించింది కూడా. అది నా వాంగ్మూలమే."

"ఈ రోజుల్లో మూడు కిలోల రికార్డరేమిటయ్యా! అది బాంబు!"

తక్కెడ చప్పున విమానం వైపు తిరిగాడు. అది కదులుతోంది.

"మరి షీట్‌లో ఎందుకు రాశావు?"

"బరువు బరువే కదండీ," అన్నాడు. అప్పటికే జీపు వైపు పరుగు మొదలుపెట్టాడు.

ఆ దారిలో వెళ్ళే విమానాలు శత్రువు వినకుండా రేడియో ఆపేసి లేస్తాయి. మాటతో ఆపే వీలు లేదు. విమానం రన్‌వే మీదికి మళ్ళింది. మోకాళ్ళు అరిగిన తక్కెడ జీపులోంచి దూకి దానికి ఎదురెళ్ళి, ఆగమన్న గుర్తుగా రెండు చేతులూ తల మీద అడ్డంగా పెట్టి నిలబడ్డాడు. గాలికి చొక్కా గుండీలు తెగిపోయాయి. మనిషి కదల్లేదు. పది అడుగుల దూరంలో విమానం ఆగింది.

పెట్టె దింపారు. బాంబు పదివేల అడుగులు ఎక్కితే పేలేలా అమర్చి ఉందని తేలింది.

సెక్యూరిటీ కెప్టెన్ సంకెళ్ళతో వచ్చాడు. "షీట్ దిద్దాలి సార్," అన్నాడు తక్కెడ. "లేకపోతే ఫ్లైట్ వెళ్ళడానికి లేదు." కెప్టెన్ సంకెళ్ళు చంకలో పెట్టుకుని బూటు లేసు కట్టుకోవడానికి వంగాడు. తక్కెడ అంకె కొట్టేసి, మొత్తం మళ్ళీ కూడి, సంతకం పెట్టి, విమానం మబ్బుల్లో కలిసిపోయేదాకా చూశాడు. అంతసేపూ కెప్టెన్ లేసు కట్టుకుంటూనే ఉన్నాడు.

"తక్కెడకి పద్నాలుగేళ్ళు పడ్డాయి," అన్నాడు చీఫ్ నెల తర్వాత.

"మెరుపుకి?"

"తేదీ పొరపాటు చెప్పింది, అంతే. ఆవిడ మనకి ఇంకా పనికొస్తుంది."

"మరి ఆ ఫైలు ఆవిడ చేతికి ఎలా వెళ్ళింది సార్?"

చీఫ్ బల్ల మీది కాగితాలు ముందుకు లాక్కున్నాడు. సోఫాలు, బీరువాల సంగతితో సహా మాస్టారు రాసిన అధ్యాయాన్ని రెండుసార్లు చదివాడు. "చాలా బాగుంది," అని డ్రాయర్‌లో పెట్టి తాళం వేశాడు. "ఆ కమాండర్ ఇప్పుడు నాకు పైవాడయ్యా."

పుస్తకం నునుపైన కాగితం మీద వచ్చింది. పైలట్ తప్పిదం చెక్కుచెదరలేదు. రచయిత పేరు దగ్గర మాస్టారి కవర్ పేరు వేశారు. అలాంటి చరిత్రకి పూచీ పడడానికి అసలు పుట్టనే పుట్టని మనిషిని మించిన యోగ్యుడు ఎక్కడ దొరుకుతాడు?