మూడో నంబరు అభ్యర్థి

ఉద్యోగం పోయి ఎనిమిది నెలలైనా అన్నయ్య అలవాటు మానలేదు. ఏడింటికల్లా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, వెళ్లాల్సిన చోటేదీ లేకపోయినా వెళ్లేవాడిలా కూర్చుని పేపరు చదువుతాడు. ఆ రోజు మాత్రం బనియన్ మీదే ఉన్నాడు. పేపరు మడత విప్పలేదు. పై వాటా నుంచి మెట్లు దిగి వచ్చిన చెల్లెలి కంట అది వెంటనే పడింది. పడక ఏం చేస్తుంది, ఆమె లాయరు. ఎదుటివాళ్ల కాగితాల్లో లోపాలు పట్టడమే ఆమె బతుకుతెరువు.

ఇంట్లో అందరూ ఆమెను ప్లీడరమ్మ అంటారు గానీ, ఆమె కోర్టు గడప తొక్కి ఏళ్లయింది. పని కోసం పరాయి దేశాల నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడే స్థిరపడే అనుమతి ఇప్పించడం ఆమె వృత్తి. దానికో తంతు ఉంది. ఆ మనిషి చేస్తున్న ఉద్యోగానికి కంపెనీ పేపర్లో ప్రకటన వేయాలి. వచ్చిన దరఖాస్తులన్నీ చూసి, ఈ దేశంలో ఆ పనికి తగినవాళ్లెవరూ దొరకలేదని సర్కారుకు రాసివ్వాలి. అప్పుడే అతని కాగితం ముందుకు కదులుతుంది. పదకొండేళ్లలో ప్లీడరమ్మ పంపిన కాగితం ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆఫీసులో ఆమెకు ఆ పేరుంది.

ఏం జరిగిందని అడిగితే అన్నయ్య ఏం లేదన్నాడు. వదిన టీ గ్లాసును బల్ల మీద ఠక్కున పెట్టి అంతా ఏకరువు పెట్టింది. ఏదో మందుల కంపెనీ ప్రకటన చూసి ఆయన దరఖాస్తు పంపాడు. ఈ కాలంలో కూడా పోస్టులోనే పంపాలన్నారట. పిలుపొస్తే రెండు బస్సులు మారి వెళ్లాడు. గంటన్నర బయట కూర్చోబెట్టి పది నిమిషాల్లో పంపించేశారు. మాట్లాడినాయన దరఖాస్తు తిరగేసి కూడా చూడలేదు. గేటు దగ్గర వాచ్‌మన్ జాలిపడి అసలు సంగతి చెప్పాడు. ఆ పనిలో నాలుగేళ్లుగా ఒకతను ఉండనే ఉన్నాడు, ఇదంతా కాగితాల కోసమేనని. నిన్న పనికిరావంటూ ఉత్తరం కూడా వచ్చింది.

ప్లీడరమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇది తన వృత్తిలో జరిగే తంతేనని ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాకే కోపం రెట్టింపైంది. ఇలాంటి గడ్డి తినే లాయర్ల వల్లే తమలాంటి వాళ్లకు చెడ్డపేరు వస్తోందని మండిపడింది. తమ ఆఫీసులో ఇలా జరగదని చెప్పింది. ప్రతి దరఖాస్తూ తనే చదువుతుంది. అదీ పేరు, చిరునామా, పాత కంపెనీల పేర్లు కనబడకుండా గుమాస్తా చేత తెల్లకాగితం అంటించాకే చదువుతుంది. ఆమెకు కనబడేది అభ్యర్థి నంబరూ, చేసిన పనీ అంతే. పక్షపాతం రాకూడదని తనే పెట్టుకున్న పద్ధతి అది. ఏటా కొత్తగా చేరే జూనియర్లకు దాని గురించి గొప్పగా చెబుతుంది కూడా.

"ఆ ఉత్తరం ఇలా ఇవ్వు అన్నయ్యా. వాళ్లు ఎవరైనా సరే, ఊరికే వదలను."

అన్నయ్య పేపరు కింద నుంచి తీసి ఇచ్చాడు. ప్లీడరమ్మ నిలబడే చదవడం మొదలుపెట్టింది. మీ అనుభవం గౌరవించదగినదే. అయితే కంప్యూటర్ ప్యానెల్ ఉన్న కొత్త యంత్రం మీద మూడేళ్లు పనిచేసి ఉండకపోవడం వల్ల, ఈ ఉద్యోగానికి మీరు అర్హులు కారని తెలియజేయడానికి చింతిస్తున్నాము. పైన కంపెనీ పేరు, కింద కంపెనీ సంతకం. మధ్యలో ఉన్న మాటలు మాత్రం ఆమెవి. మూడు వారాల కిందట తన బల్ల దగ్గర కూర్చుని, అభ్యర్థి నంబరు మూడు అని ఉన్న కాగితం పక్కన పెట్టుకుని, ఆమె తన చేత్తో రాసింది.

కుర్చీ లాక్కుని కూర్చుంది. ఉత్తరం మడిచి, ఆఫీసులో కనుక్కుంటానని చెప్పి వెళ్లిపోవచ్చు. ఈ ఇంట్లో ఎవరికీ ఎప్పటికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకే ఆమెకు తన మీద తనకు అసహ్యం వేసింది.

"ఇది రాసింది నేనే."

వదిన మాట్లాడడం మొదలుపెట్టింది, ఇక ఆపలేదు. ప్లీడరమ్మ ఏదో సర్దిచెప్పబోయింది. పేరు కనబడలేదంది. అడిగిన అనుభవం లేదంది. అవతల ఆ పనిలో ఉన్న మనిషికి భార్యా ఇద్దరు పిల్లలూ ఉన్నారని, ఈ కాగితం ఆగితే వాళ్ల గతి ఏమిటని కూడా అంది.

"వాళ్ల పిల్లలు చల్లగా ఉండాలి. నాకు వాళ్ల మీద పగేముంది? మనిషి అవసరమే లేనప్పుడు మనిషిని పిలవడం దేనికి? ఆ పూట ఈయన నాలుగుసార్లు అద్దంలో చూసుకున్నాడు. పెళ్లిచూపులకి కూడా అంత హడావుడి పడలేదు. మీ కాగితాల కోసం మా ఆయన్ని ఆటబొమ్మని చేస్తారా?"

అన్నయ్య చెయ్యెత్తి భార్యను ఆపాడు.

"ఆ ప్యానెల్ నేర్చుకోవడానికి రెండు రోజులు చాలమ్మా. పైన తెర మారింది గానీ, లోపల మాత్రలు ఒత్తే యంత్రం అదే. ఇరవయ్యారేళ్లలో ఎన్నిసార్లు విప్పి బిగించానో దాన్ని."

ప్లీడరమ్మ తల దించుకుంది. కొద్దిరోజుల్లో నేర్చుకోగలిగిన పని రాదన్న వంకతో ఎవరినీ తోసేయకూడదని చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ నిబంధన ఆమెకు కంఠతా వచ్చు. నేర్చుకోవడానికి నెలలు పడుతుందని కంపెనీ మేనేజరు ఫోన్లో చెబితే రాసేసుకుంది. ఆ యంత్రం తెలిసిన మనిషిని ఒక్కణ్ణీ అడగలేదు.

"పేరు కనబడి ఉంటే..." అని ఏదో అనబోయింది.

"పేరు చూసి ఇచ్చే ఉద్యోగం నాకెందుకమ్మా? ఇరవయ్యారేళ్లు నేను ఏం పని చేశానో నీకు తెలిసుంటే, పేరు లేకపోయినా నన్ను గుర్తుపట్టేదానివి."

ప్లీడరమ్మకు ఏడుపు ముంచుకొచ్చింది. నిజమే. ఎవరడిగినా అన్నయ్య ఫ్యాక్టరీలో పని చేస్తాడని చెప్పేది. ఏ ఫ్యాక్టరీ అంటే మందులది అనేది. అక్కడ ఆయన చేతులు రోజంతా ఏం చేస్తాయో ఆమె ఒక్కసారీ అడగలేదు. మూడో నంబరు కాగితంలో అవన్నీ వరసగా రాసి ఉన్నా ఆమెకు అన్నయ్య కనబడలేదు.

కళ్లు తుడుచుకుని అక్కడి నుంచే ఆఫీసులో తన సీనియరు లాయరుకు ఫోన్ చేసింది. ఆయన తొణకలేదు. పేర్లు మూసే చదివావు, ఇందులో నీ తప్పేం లేదు, కాగితాలు మధ్యాహ్నం వెళ్లిపోవాలి అన్నాడు. వచ్చే నెల భాగస్వామిగా ఆఫీసు బోర్డు మీదకు ఎక్కబోతున్నావు, గుర్తుంచుకో అని కూడా అన్నాడు. గుర్తుందండీ అంది. ఆ అభ్యర్థి తన అన్నయ్యేనని, ఇక ఈ కాగితాలు ముట్టుకోనని, అంతకన్నా ముందు తన తప్పు రాసి ఇస్తానని చెప్పి పెట్టేసింది. బల్ల మీదున్న టీ గ్లాసులు పక్కకు జరిపి రాయడానికి కూర్చుంది.

అన్నయ్య కాసేపటికి అడిగాడు. "ఆ అబ్బాయి సంగతి?"

"మళ్లీ మొదటినుంచి ప్రకటన వేయాలి. ఈసారి నిజంగా వెతకాలి. అతనికి నేనే ఫోన్ చేసి చెప్పాలి."

"చెప్పు. మర్యాదగా చెప్పు. మరి నాకు ఆ పని ఇస్తారా?"

"ఇచ్చి తీరాలని చట్టంలో లేదన్నయ్యా. తగినవాడు దొరికితే అవతలి కాగితం ఆగుతుంది, అంతే."

ఇదెక్కడి చట్టమని వదిన గోడవైపు తిరిగి ఆ చట్టం రాసినవాళ్లను కడిగిపారేసింది. రాయడం అయ్యాక, ఏం రాశావో చదవమన్నాడు అన్నయ్య.

"మూడో నంబరు అభ్యర్థిని నేను పొరపాటున తిరస్కరించాను. ఆయన పనిని అర్థం చేసుకునే ప్రయత్నం నేను చేయలేదు. ఆయన ఈ ఉద్యోగానికి..."

మిగతాది చదవలేకపోయింది. వదిన ఆ కాగితం లాక్కుంది. పక్క వాటా వాళ్లకు కూడా వినబడేంత గట్టిగా మొదటినుంచి చదివింది. ఆయన ఈ ఉద్యోగానికి అన్నివిధాలా అర్హుడు అన్నదాకా ఎక్కడా ఆగలేదు.

అన్నయ్య రెండు చేతుల్తో ముఖం కప్పుకుని విన్నాడు.

"ఇంకోసారి చదువు" అన్నాడు.

వదిన ఇంకోసారి చదివింది.