మడత ఎటు, పగులు ఎటు

"మా నాన్న రేపు పొద్దున బాపట్లలో తప్పు ఒప్పుకోబోతున్నారండి. ఆ తప్పు ఆయన చేయలేదు."

తెనాలిలో డిటెక్టివ్ బసవలింగం ఆఫీసు మెట్లెక్కి వచ్చిన శ్రీనిధి కూర్చోకుండానే అన్న మాట ఇది. అసిస్టెంటు నీరజ మంచినీళ్లు అందిస్తే తాగలేదు కూడా. ఆమె తండ్రి వెంకటరాఘవయ్య ముప్పయ్యేళ్లు భూగర్భశాస్త్రం చెప్పి రిటైరయిన మాస్టారు. రేపల్లెలో కూతురి దగ్గరే ఉంటున్నాడు. తూర్పు కనుమల్లో ఒక రోడ్డు సొరంగం కోసం కొండను పరీక్షించి బొమ్మ గీసిచ్చాడు. పోయిన నెల ఆ సొరంగం కప్పు కూలి ముగ్గురు కూలీలు చనిపోయారు. బాపట్లలో కూర్చున్న విచారణ కమిటీ ఆ బొమ్మ నకలు పంపితే, మాస్టారు ఒక్కసారి చూసి "నాదే" అన్నాడు. ఆ తర్వాత నోరు మెదపలేదు.

"ఒప్పుకుంటే జైలేనండి. డెబ్బై రెండేళ్ల మనిషి, అక్కడ బతకరు బాబాయ్‌గారూ."

బసవలింగం నకలును బల్ల మీద పరిచాడు. సొరంగం పైన రాతి పొరలు కమానులా పైకి వంగి ఉన్నాయి. పొరలకు అడ్డంగా పగుళ్లు. పైన సన్నగా మొదలై, కిందికి వచ్చేసరికి నోళ్లు తెరుచుకున్నాయి. పక్కన 'అపనతి (పైకి వంగిన మడత). తవ్వవచ్చు' అని రాసి ఉంది. నీరజకు అందులో ఏ వింతా కనిపించలేదు. ఆయన మాత్రం టీ చల్లారిపోయేదాకా చూశాడు. టీ మరిచిపోయాడంటే ఏదో పట్టుకున్నట్టేనని నీరజకు తెలుసు.

"ఈ బొమ్మ ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందమ్మా?"

"నాన్న పెన్సిలుతో గీశారండి. సర్వే కంపెనీలో పనిచేసే మా ఆయన గిరీష్ దాన్ని కంప్యూటర్లో ఎక్కించి కంపెనీకి పంపారు. తవ్వించింది రాజ్ కుమార్ అనే కాంట్రాక్టరు. పెన్సిలు బొమ్మ ఇప్పుడు కనిపించడం లేదు."

కమిటీ విచారణ కోసం వచ్చిన రాజ్ కుమార్ బాపట్లలో ఒక లాడ్జిలో బసవలింగానికి దొరికాడు.

"రాయి కమానులా వంగితే పగుళ్లు ఎలా ఉంటాయో కాస్త గీసి చూపిస్తారా?"

"చదువుకున్నోణ్ణి కాదండి, క్వారీలో పెరిగాను," అంటూనే పగుళ్ల నోళ్లు పైకి పెట్టి గీశాడు. "వీపు సాగుద్ది కదండీ, చిట్లేది అక్కడే."

"మరి రిపోర్టు బొమ్మ చూసి అడగలేదేంటి?"

"బొమ్మ మాకు ఇవ్వలేదండి. తవ్వవచ్చు అన్న మాట ఒక్కటే ఇచ్చారు."

రేపల్లెలో గిరీష్‌నీ అదే అడిగాడు. "కిందికేనండి. రాళ్లు పడేది కిందికేగా!" అని నవ్వి, నోళ్లు కిందికి పెట్టి గీసిచ్చాడు.

సాయంత్రం అందరూ మాస్టారి ముందుగదిలో కూర్చున్నారు. రాజ్ కుమార్‌ను కూడా కారులో తీసుకొచ్చారు. బసవలింగం వంటింట్లోంచి ఎండిపోయిన తాటితాండ్ర ముక్క అడిగి తెప్పించి, కమానులా వంచాడు. దాని వీపు చిట్లింది.

"పగులు నోరు తెరిచేది మడత వీపు మీద. లోపలివైపు నొక్కుకుపోతుంది. కొండకైనా ఇంతే," అని ముక్కను తిరగేశాడు. "పొరలు ఉయ్యాలలా కిందికి వంగితే వీపు కిందికి వస్తుంది, నోళ్లూ కిందికి వస్తాయి. దాని కింద తవ్వితే రాళ్లు ఊడి నెత్తిన పడతాయి. మాస్టారు గీసింది ఈ ఉయ్యాలే. అభినతి, తవ్వకూడదు అనే రాసి ఉంటారు. ఎవరో పొరల్ని పైకి వంచారు, మాటలు మార్చారు. పగుళ్లను కూడా తిప్పాలని తెలియక అలాగే వదిలేశారు. ఈ సంగతి మాస్టారికి తెలుసు, రాజ్ కుమార్‌కి తెలుసు. బొమ్మ ముట్టుకున్నవాళ్లలో తెలియనిది ఒక్కరికే."

గిరీష్ ముఖం పాలిపోయింది. "చోటు మార్చాలంటే ఏడాది సర్వే మళ్లీ మొదటికొస్తుంది. నన్ను తీసేసేవాళ్లు. కూలుతుందనుకోలేదండి."

బసవలింగం మాస్టారి వైపు తిరిగాడు. "మీరు చూడగానే పట్టేశారు కదండీ?"

"ఇంట్లో కాకపోతే ఇంకెక్కడ మారుద్దయ్యా?" నకలు వచ్చాక మాస్టారు నోరు విప్పడం ఇదే మొదలు. "అమ్మాయి సంసారం నిలబడాలనుకున్నా."

కూతుర్ని కాపాడాలని ముసలాయన ముగ్గురి చావును మింగేశాడు.

"పోయినవాళ్లకీ సంసారాలున్నాయి నాన్నా," అంది శ్రీనిధి. ఏడవలేదు. బసవలింగాన్ని చూసి, "రేపు పొద్దున బాపట్లకి మీ కారులో చోటుందా బాబాయ్‌గారూ?" అని అడిగింది.

"మాస్టారుగారికా అమ్మా?" అంది నీరజ.

"కాదండి. మా ఆయనకి."