జానెడు పెరిగిన లోడు

మనిషిని చావుకి పంపేటప్పుడు కూడా సగం నిజం కడుపులోనే దాచుకోవడం చన్నీళ్లకు అలవాటు. చన్నీళ్లు అంటే సీక్రెట్ సర్వీస్ చీఫ్. ఎవరు ఏ ఆశతో వెళ్లినా నీళ్లు చల్లి పంపుతాడు కాబట్టి ఆ పేరు. ఆయన కింద నలిగిపోతున్న ఏజెంట్‌కి ఆయనే పెట్టిన కోడ్ నేమ్ ఇరుసు. బరువంతా ఇరుసుది, ఫొటోలన్నీ చీఫ్‌వి.

టైర్ల గోడౌన్ పైగదిలో బ్రీఫింగ్ చిటికెలో అయిపోయింది.

"భారీ ట్రాన్స్‌ఫార్మర్. పవర్ ప్లాంట్‌కి వెళ్తోంది. శత్రుదేశపు ముఠా దాని మీద కన్నేసింది. డ్రైవర్‌వి నువ్వు."

"ఎందుకు కన్నేసింది సార్?"

"అది తెలిస్తే నువ్వెందుకు?"

"నాకు తోడెవరు?"

"ముందు నడిచే పైలట్ కారులో సంపెంగ ఉంటుంది. ముఠాలో మన మనిషి. నువ్వు 'గాలి తక్కువుందా?' అనాలి. తను 'వెనక టైరుకే' అంటుంది."

ట్రైలర్ నడపడం ఇరుసుకి కొత్త కాదు, సర్వీస్‌లో చేరకముందు అదే బతుకు. ట్రైలర్ వెనక చక్రాలు తిప్పే, దాని ఎత్తు పెంచి దించే బుల్లి క్యాబిన్‌లో కూర్చున్నవాడు సొంత బామ్మర్ది. బావ మామూలు డ్రైవరేనని వాడి నమ్మకం.

మొదటి రోజు కోడ్ కుదిరింది. రెండో రోజు పొద్దున బయల్దేరే ముందు సంపెంగ నల్లకళ్లద్దాలు తీయకుండానే నవ్వింది. "లోడు ఎత్తు మళ్లీ కొలిచాను. ఏం మారలేదు."

ఆమె కారు ముందు నిలబెట్టిన కర్ర ఊగుతూ కదిలింది. ఆ కర్ర లోడు కన్నా రెండు వేళ్లు ఎత్తు. పైన వైరో వంతెనో అడ్డొస్తే ముందు కర్రకి తగులుతుంది, వెనక లోడు ఆగుతుంది. కర్రకి తగలనిది లోడుకి తగలదు. ఆ ఒక్క నమ్మకం మీదే ఈ పనంతా నడుస్తుంది.

ఇరుసు చేతి వాచీ మాత్రం పొద్దుటి నుంచీ జివ్వుమంటూనే ఉంది. దగ్గర్లో పేలుడు మందు ఉంటే వణికే వాచీ అది. కాలర్ మైకులో చెబితే, "ట్రాన్స్‌ఫార్మర్ నూనెకి అలాగే అంటుంది, నడుపు" అన్నాడు చన్నీళ్లు.

ఊరి చివర వాకీటాకీ బరబరలాడింది.

"బావా, వేలాడే టీవీ కేబుల్ ఒకటి మన టార్పాలిన్ మీద పాకుతూ పోయింది."

"ముందు కర్రకి తగల్లేదే!"

"తగల్లేదు. మేడం అందం చూసి పక్కకి తప్పుకుందేమో."

ఇరుసుకి నవ్వు రాలేదు. కర్రని బయల్దేరే ముందు తనే కొలిచాడు. కర్ర తగ్గలేదంటే లోడు పెరిగింది. రాత్రి బండి ఆగినచోట టార్పాలిన్ కింద ఎవరో జానెడు ఎత్తున ఏదో పేర్చారు. వాచీ వణుకుతున్నది దానికే. కొలిచానన్న సంపెంగ అబద్ధమాడింది, ఆమె ముఠా మనిషే.

ముందు వాలు. వాలు చివర రైలు వంతెన. లోడు పెరగకముందే దానికీ ఆ వంతెనకీ మధ్య మిగిలే సందు బెత్తెడే. శాంతి చర్చల బృందం వెళ్లే ప్రత్యేక రైలు ఇవాళ ఈ దారినే పోతుందని పొద్దున రేడియో చెప్పింది. అదిగో, దూరంగా కూత.

ఆ పేర్చింది వంతెన అడుగునున్న ఇనప దూలానికి, ఆ గర్డర్‌కి గుద్దుకుంటే వంతెన, రైలు, వెనక క్యాబిన్‌లో బామ్మర్ది... ఇంట్లో వాళ్లక్కకి ఏం చెప్పాలి? చెప్పడానికి తనైనా మిగలాలి కదా!

బ్రేకు మీద కాలు పెట్టాడు. గట్టిగా తొక్కలేదు. ఈ వాలులో ఇంత బరువుని ఒక్కసారిగా ఆపబోతే ట్రైలర్ అడ్డం తిరిగి వంతెన స్తంభాన్నే గుద్దుతుంది. ముందు సంపెంగ కారు వేగం పెంచింది.

"ఒరేయ్, హైడ్రాలిక్ వాల్వులన్నీ తెరిచెయ్! బండిని పూర్తిగా కిందికి దించు!"

"నడుస్తుండగానా? పిచ్చెక్కిందా బావా? బాడీ రాసుకుని టైర్లు పేల్తాయి! ఓనరు నా తోలు తీస్తాడు!"

"తోలుంటే కదరా తీసేది! మన నెత్తిన ఉన్నది బాంబు!"

వాకీటాకీలో వాల్వులు తిప్పుతున్న కిర్రుకిర్రు వినిపించింది. తర్వాత బుస్సుమన్న చప్పుడు. బండి మోకాళ్ల మీద కూలబడ్డట్టు కుంగింది. ఒక టైరు పేలింది. ఇంకొకటి. ప్రతిసారీ ఇదే ఆఖరి పేలుడనుకుని ఇరుసు బిగుసుకుపోయాడు. వంతెన నీడ అద్దం మీద పడింది. నెత్తిన రైలు ఉరిమింది. టార్పాలిన్ తాడు ముడి గర్డర్‌ని గీరుకుంటూ పోతున్న చప్పుడు పళ్లలోకి పాకింది.

వెలుగు.

వంతెన దాటాక ఖాళీ స్థలం పక్కన బండి చతికిలబడింది. దూరంగా కారాపుకుని, పేలుడు ఫొటో కోసం కాచుకున్న సంపెంగ చేతిలో కెమెరా అలాగే ఉండిపోయింది. ఇరుసు పెన్ను తుపాకీ ఎత్తి దగ్గరికెళ్లాడు.

"చెయ్యి వణుకుతోంది నీకు," అంది సంపెంగ.

"నిజమే. ఎక్కడ తగులుతుందో నాకే తెలీదు. కదలకు."

సంపెంగ కదల్లేదు. బామ్మర్ది మసి మొహంతో పరిగెత్తుకొచ్చి ఆమెని, పెన్నుని, బావని మార్చి మార్చి చూశాడు. "ఇంతకీ మా అక్కని ఏం ఉద్యోగమని చెప్పి చేసుకున్నావ్ బావా?"

బాంబ్ స్క్వాడ్ ఫ్యూజు పీకాక కాలర్‌లో చన్నీళ్లు దగ్గాడు. "దేశం నీకు రుణపడి ఉంది. కానీ నడుస్తున్న బండిని దించడం రూల్సుకి విరుద్ధం. టైర్ల నష్టం నీ జీతంలో పట్టుకుంటున్నాం."

దేశం పడ్డ రుణమెంతో ఆయన చెప్పలేదు. ఇరుసుకి పడ్డ కోత మాత్రం చిల్లరతో సహా చెప్పాడు: ముప్పై ఎనిమిది వేల ఆరు వందల నలభై.