బాల్తసార్ దొర గిటారు

వెండి గనుల ఊరు పొటోసీలో ఉప్పు బజారు వెనక సందులోకి చీకటి పడ్డాక కుక్కలు కూడా వెళ్ళవని చెప్పుకునేవారు. సందు చివర డాన్ బాల్తసార్ ఖాళీ ఇల్లు. దొర పోయి ఏడాదైంది. ఆయన గిటారు మాత్రం రాత్రిళ్ళు లోపల మోగుతూనే ఉంది... వారసులు దాన్ని తాకడానికి జంకి లీమా వెళ్ళిపోయారు.

బతికున్నన్నాళ్ళూ దొరది ఒకటే గొప్ప — తనంత వాయించేవాడు లేడని, తన గిటారు మీద స్పెయిన్ వాళ్ళ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడకూడదని.

ఆ ఇంటి ముందే ఒక రాత్రి నికాసియో చోకే నిలబడ్డాడు. పక్కన పెళ్ళాం అసుంతా, చేతిలో కొవ్వొత్తి.

రాక తప్పలేదు మరి. చర్చి సంగీతం చూసుకునే పాదిరీ సాయంత్రమే తేల్చేశాడు. "రేపు పూజకి గిటారుతో వస్తే పాటగాళ్ళ జాబితాలో నీ పేరు రాస్తా. లేదా సోమవారం గనికి పో." చర్చిలో వాయించే స్థానికులకి గనిలో వెట్టిచాకిరీ తప్పేది. గనిలోకి దిగిన నికాసియో అన్న మళ్ళీ పైకి రాలేదు. ఊరు మొత్తానికి దిక్కులేని గిటారు ఇదొక్కటే.

తలుపు తోశారు. గాలికి కొవ్వొత్తి ఆరిపోయింది...

టంగ్.

నికాసియో చప్పున టోపీ తీశాడు. "దొరా... ఒక్క పూజకి... తీసుకోనా?"

టంగ్... టంగ్.

"వద్దంటున్నాడే," అని గొణిగాడు.

"రెండుసార్లు మోగితే వద్దనా? నీకెవరు చెప్పారయ్యా?"

"దొర గొంతు నాకు తెలీదా?"

"అయితే పొగుడు. పొగిడితే పడిపోయే మనిషి."

నికాసియో గొంతు సవరించుకున్నాడు. "దొరా, తమరిలా వాయించేవాడు ఈ భూమ్మీద పుట్టలేదు."

జ్రుమ్మ్మ్ — తీగలన్నీ ఒక్కసారే మోగాయి.

"ఆయనే. ఇంక అనుమానం లేదు," అంది అసుంతా.

ఆమెకీ భయమే. కానీ మొగుణ్ణి గనికి పంపడం కంటే దెయ్యంతో తగువు నయమనిపించింది. కొవ్వొత్తి మళ్ళీ వెలిగించి, విసవిసా వెళ్ళి, గోడకి బోర్లా ఆనించిన గిటారు ఎత్తేసింది.

దాని వెనక ఒక కిర్కించో, ఒళ్ళంతా పెంకున్న చిన్న జంతువు... దురద తీరక, ఇందాకటి దాకా తీగలకేసి రుద్దిన వీపుని ఇంకా గాల్లోనే రుద్దుతోంది.

ఇద్దరూ నవ్వీ నవ్వీ నేల మీద కూలబడ్డారు. చివరికి నికాసియో గిటారు చంకన పెట్టుకున్నాడు, అసుంతా ఆ జంతువుని ఒళ్ళో వేసుకుంది. అది అప్పుడే నిద్రపోయింది.

గుమ్మం దాటుతూ అసుంతా వెనక్కి తిరిగి వెక్కిరించింది. "మా ఆయన కంటే నువ్వే బాగా వాయించావులే దొరా."

ఖాళీ ఇంట్లోంచి...

జ్రుమ్మ్మ్.

మర్నాడు జాబితాలో పేరెక్కింది. సోమవారం గనిలోకి వేరేవాళ్ళు దిగారు. నికాసియో ముప్పై ఏళ్ళు చర్చిలో వాయించాడంటారు. తీగ ముట్టుకునే ముందు మాత్రం ప్రతిసారీ తల వంచుకుని ఏదో గొణిగేవాడట. ఎంత భక్తో అని పాదిరీ మురిసిపోయేవాడు.

నికాసియో గొణిగేది ఒకటే — "తమరంత కాదు దొరా."