ఎముకల్లేని పంది

దూజీ మామయ్య లిజియాంగ్ ఊళ్ళో, కంచరగాడిదల వాళ్ళు దిగే సత్రంలో పోయాడు. పొద్దున్నే వెన్న టీ తాగాడు. ఎండలో కూర్చోబెట్టమన్నాడు, కూర్చోబెట్టాం. నేను ఆయన చొక్కా పిండి తీగ మీద ఆరేసి వెనక్కి తిరిగేసరికి తల వాలిపోయి ఉంది. గోడ మీద పిల్లి ఒళ్ళు నాక్కుంటోంది. అంత మామూలుగా జరిగిపోయింది.

ఆయనకి జబ్బు చేసిందని కబురొస్తే నేనూ, మా తమ్ముడు నోంబూ వెళ్ళాం. మా మోసో ఇళ్ళల్లో పిల్లల్ని పెంచేది మేనమామే. మాకు నడక నేర్పినా, గాడిద ఎక్కించినా, వీపు చిట్లగొట్టినా అన్నీ ఆయనే. బయల్దేరేటప్పుడు అమ్మ గుమ్మం దాకా వచ్చి ఒకటే మాట చెప్పింది. "బిన్మా, బతికుంటే నడిపించుకు రా. పోతే మోసుకు రా. ఏదైనా సరే, నా తమ్ముడు చెక్కుచెదరకుండా ఇంటికి రావాలి."

మా దగ్గర పోయినవాళ్ళని కడుపులో బిడ్డలా ముడిచి కట్టి, లామా చెప్పిన రోజు దాకా ఇంటి వెనక గదిలో ఉంచి, అప్పుడు నిప్పుకి ఇస్తాం. ఒంట్లో ఇంత ముక్క తక్కువైనా పైనున్న పెద్దలు వాణ్ణి తమవాడని గుర్తుపట్టరు, రానివ్వరు. కొండదారుల్లోనే తిరుగుతూ ఉండిపోతాడు. అమ్మ భయం అదీ.

లిజియాంగ్ నుంచి మా యోంగ్‌నింగ్‌కి అప్పట్లో వారం నడక. లారీ బాట ఇంకా పడలేదు. దారిలో ఏ ఊరివాడూ శవాన్ని గడప దాటనివ్వడు, పంట మీద వడగళ్ళు పడతాయంటాడు. పోనీ బయట పడుకుందామంటే ఆ చలికి తెల్లారేసరికి మేమూ శవాలమే.

ఉపాయం చెప్పింది నోంబూగాడే. వాడికి ప్రతిదీ వేళాకోళమే కాబట్టి మొదట నమ్మలేదు.

"అక్కా, పంది," అన్నాడు.

"ఏం పంది?"

"మామయ్యని పందిలో పెట్టి కుట్టేద్దాం."

చెప్పు తీసి కొట్టాను. మాటవరసకి కాదు, నిజంగానే కొట్టాను. కానీ ఆలోచించిన కొద్దీ ఇంకో దారి కనపడలేదు. పండక్కీ, చావుకీ మావాళ్ళు పందిని గాడిద మీద వేసుకుని చుట్టాల ఇళ్ళకి పోతూనే ఉంటారు. పొట్ట చీల్చి, పేగులూ ఎముకలూ మొత్తం లాగేసి, ఉప్పూ, నాలుక తిమ్మిరెక్కించే మిరియాలూ దట్టించి, మళ్ళీ కుట్టేసిన పంది. పదేళ్ళయినా చెడదు. చిన్నప్పుడు మేం వాటి మీద పరుపు మీద పడుకున్నట్టు పడుకునేవాళ్ళం. దాన్ని చూసి లోపల ఏముందని అడిగేవాడు ఆ కొండల్లో పుట్టలేదు.

సత్రం వెనక సందులో అప్పుడే కుట్టిన పెద్ద పంది దొరికింది. కుట్లు విప్పి, లోపలి కొవ్వంతా నా చేతుల్తోనే గీకి తీశాను. మోచేతుల దాకా జిడ్డు, గోళ్ళ సందుల్లో జిడ్డు. మామయ్య జబ్బుతో గుప్పెడు ఎముకలయ్యాడు, ముడిచి కడితే గంపంత అయ్యాడు. తెల్లగుడ్డలో చుట్టి, ఉప్పు పోసి, లోపలికి తోసి, గోనె సూదితో కుట్టాను. లోపలికి పోనని మోకాలు మొండికేస్తే అరచేత్తో నొక్కాల్సొచ్చింది.

మొదటి రోజు బాగానే నడిచింది. ఉప్పు వాసన, మిరియాల వాసన.

"మామయ్య బతికుండగా ఎప్పుడైనా ఇంత కమ్మటి వాసన వచ్చాడా అక్కా?" అన్నాడు నోంబూ.

"నోరు ముయ్యరా వెధవా," అన్నాను గానీ, నాకూ నవ్వొచ్చింది.

జిన్షా నది లోయలో దిగాక ఎండ. పందికి చెమట పట్టింది. కారిన కొవ్వనుకుని గుడ్డతో తుడిచాను. నీళ్ళలా ఉంది. తుడిచినకొద్దీ పుట్టుకొస్తోంది. గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకుంటే, జ్వరం మనిషి కప్పుకున్న దుప్పటి వాసన కొట్టింది. ఆ గుడ్డ నదిలో పారేశాను.

ఊళ్ళ మీదుగా పోతుంటే కుక్కలు మొరగలేదు. తోకలు కాళ్ళ మధ్య ఇరికించుకుని మా వెనకాలే వచ్చాయి, రాళ్ళ మీద పడ్డ బొట్లు నాక్కుంటూ. చప్, చప్, చప్... రాయి విసిరితే దెబ్బ తిని మళ్ళీ వచ్చి నాకేవి. ఒకటి నాకీ నాకీ కక్కుకుని, ఆ కక్కింది కూడా నాకింది. ఈగ మాత్రం ఒక్కటి వాల్లేదు. అంత కొవ్వు మీద, అంత ఎండలో, ఒక్క ఈగ వాల్లేదు.

పోయినకొద్దీ బరువు పెరిగింది. మొదట్లో ఇద్దరం అవలీలగా దించేవాళ్ళం. తర్వాత్తర్వాత దించలేక, నేల మీదకి జార్చేవాళ్ళం. పడ్డప్పుడు ధబ్బుమని కాకుండా మెత్తగా, తడిగా చప్పుడయ్యేది. నున్నగా గీకిన తోలు మీద చేతికి గరుగ్గా ఏదో తగిలింది. వెంట్రుకలు. పొట్టిగా, బిరుసుగా మొలుస్తున్నాయి.

"తడికి లేచాయిలే," అన్నాడు నోంబూ. ఆ తర్వాత వాడు ఇంకో వేళాకోళం ఆడలేదు.

దారి పొడుగునా చల్లారిన బంగాళాదుంపలే మా తిండి. రాత్రిళ్ళు దిగిన ఇళ్ళల్లో పొయ్యి మీద పంది కూర ఉడుకుతుంటే, దాని పక్కనే మా పందిని పెట్టుకుని కూర్చుని, కడుపు బాలేదని అబద్ధమాడి దుంపలు తిన్నాం. నాకు నిజంగానే బాలేదు.

ఇంకొక్క రోజులో ఇల్లు చేరతామనగా, సాయంత్రం ఆకాశం పగిలింది. గోళీలంత వడగళ్ళు. గాడిద అరుస్తూ ఒక ఇంటి ముందు ఆగిపోయింది. పుమీ తెగ ఆవిడ ఇల్లు అది, పేరు దుమా. పెద్ద వయసు, ఒంటరి మనిషి, ఇంతెత్తు గొంతు.

"ఏంటర్రా, వాకిట్లో నిలబడి తల పగలగొట్టించుకుంటారా? లోపలికి రండి! ఆ పందిని కూడా తెండి, బయట పెడితే నక్కలు ఈడ్చుకుపోతాయి."

ముగ్గురం లాగితే గాని గడప దాటలేదు. పొయ్యి పక్కన గోడకి ఆనించాం. దుమా దాని పిర్ర మీద చరిచింది.

"అబ్బబ్బ! ఏం మేపార్రా! ఎవరి చావుకి?"

"మా మామయ్య," అన్నాను. అబద్ధం కాదుగా.

అంతలో గాడిద పలుపు తెంపుకుని కొండవాలుకి పరిగెత్తింది. అది పోతే రేపటి దారి లేదు. ఇద్దరం తల మీద గోనెపట్టాలేసుకుని దాని వెనక పడ్డాం. పట్టుకుని, పాకలో కట్టేసి వచ్చేసరికి మసక చీకటి పడింది.

తలుపు తియ్యగానే వాసన తగిలింది. ముల్లంగీ, కొవ్వూ కలిసి ఉడుకుతున్న వాసన. లోపలంతా పొగ. పొయ్యి ఎర్రటి వెలుగులో దుమా మొహం ఒక్కటే కనిపిస్తోంది. ఒళ్ళంతా తడిసి వణుకుతున్నాం. ఇన్ని రోజులుగా వేడి మెతుకు లేదు. నాకు నోరూరింది. సిగ్గు లేకుండా ఊరింది.

ఆవిడ మొదటి ముక్క పొయ్యి ఇనప కాళ్ళ మీద పెట్టి ఏదో గొణుక్కుంది. తర్వాత మాకు గిన్నెలు నింపి ఇచ్చింది. ఆవిడ ఇంటి పందేగా, తింటే ఏంటి అనుకున్నాను. తిన్నాను. ముక్క నాలుక మీద పెట్టగానే కరిగిపోయింది. నా జన్మలో అంత రుచైన మాంసం తినలేదు. ఒట్టు. గిన్నె అడుగున మిగిలిన జిడ్డు వేలితో ఊడ్చి మరీ నాకాను.

నోంబూ మళ్ళీ గిన్నె చాపాడు. "దుమా అత్తా, నీ పంది రుచే వేరు."

"నా పందెక్కడిదిరా? మీదే!" అంది ఆవిడ, గరిటెతో వడ్డిస్తూ. "తెచ్చిన మాంసంలో పొయ్యికి మొదటి ముక్క ఇవ్వకుండా ఈ కప్పు కింద ఎవరిదీ ఉంచను నేను. పిర్ర దగ్గర అరచేతంత కోశా. మీవాళ్ళు ఏమీ అనుకోరులే."

పైన చెక్క కప్పు మీద వడగళ్ళు టపటపా పడుతున్నాయి. నోంబూ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"ఎంత లోతు..." అని గొణిగాను.

"ఆఁ?"

"ఎంత లోతు కోశావు?"

"ఎముక తగిలిందాకా." ఆవిడ గరిటె పక్కన పెట్టింది. "అవునమ్మాయ్, అడుగుదామనే అనుకున్నా. మీ మోసోవాళ్ళు ఎముకలన్నీ తీసేసి కుడతారు కదా? దీనికి ఎముకుందేం?"

నోంబూ గిన్నె కింద పెట్టేశాడు.

"కత్తి పెడితే వణికింది కూడా," అంది. "పచ్చి మాంసం కదా, అంతేలే."

నా పళ్ళ సందులో ఒక పీచు ఇరుక్కుని ఉంది. నాలుక దాని మీదకే పోతోంది. వద్దంటే పోతోంది. బయటికి పరిగెత్తి గొంతులోకి వేళ్ళు పెట్టాను. ఏమీ రాలేదు. జిడ్డు లాలాజలం, మిరియం ఘాటు, అంతే. తిన్నది లోపల వెచ్చగా, హాయిగా కూర్చుంది. అన్నిటికన్నా నాకు దానికే అసహ్యమేసింది.

దుమా అటకెక్కి పడుకుంది. నేను దీపం తీసుకుని పంది దగ్గరికి వెళ్ళాను. చూడాలి. ఆయన ఒంటికి తగిలిందో లేదో చూడాలి. అమ్మ అడిగింది అదొక్కటే.

కోసిన చోట వేళ్ళు పెట్టాను. తోలు... దాని కింద కొవ్వు... తెల్లగుడ్డ. గుడ్డ చిరిగి ఉంది. ఇంకా లోపలికి పెట్టాను. వెచ్చగా ఉంది. పోయి ఆరు రోజులైన మనిషి... వెచ్చగా ఉన్నాడు. తొడ ఉండాల్సిన చోట గుంట. దాని అడుగున నున్నగా ఎముక.

"తగిలిందా?" నోంబూ గుసగుసలాడాడు.

తల ఊపాను.

"అమ్మకి చెప్పొద్దక్కా."

"ఒళ్ళు కడిగేటప్పుడు చూడదా? తనకి కళ్ళు లేవా?"

"చూస్తే ఏం చేస్తుంది?" వాడికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నా ఒంట్లోది కోసి ఆయనకి అతుకుతుందా? అతకమను! నాకేం బాధ లేదు!"

"ష్... మెల్లిగా."

సూది తీసి కుట్టడం మొదలెట్టాను. వేళ్ళు జారిపోతున్నాయి. ఆఖరి కుట్టు బిగిస్తుండగా... లోపల గుటక పడింది.

గుటకే. నీళ్ళు తాగినప్పుడు గొంతులో పడే చప్పుడు.

ఆ తర్వాత కుట్ల సందులోంచి ఊపిరి వచ్చింది. తీరిగ్గా, పొడుగ్గా... నా మొహం మీదకి. అందులో ముల్లంగి వాసన ఉంది. మేం ఇప్పుడే తిన్న కూర వాసన.

దారం తెంపి, పంది వైపుకి వీపు తిప్పి కూర్చున్నాను. తెల్లారేదాకా తిరిగి చూడలేదు.

మర్నాడు వెలుగు బాగా వచ్చింది. పందిని ఇద్దరం ఎత్తితే ఖాళీ గంపలా లేచి వచ్చింది, అంత తేలిక. గాడిద హుషారుగా నడిచింది. నోంబూ మాత్రం వెనకబడుతున్నాడు.

"ఏంట్రా?"

"కాలు తిమ్మిరెక్కింది. నడిస్తే పోతుందిలే."

ఇంటికి చేరేసరికి అమ్మ వాకిట్లోనే ఉంది. పందిలో మామయ్యని పెట్టి కుట్టామని చెవిలో చెప్పాను. వెనక గదిలో దించి, తలుపేసి, కత్తెర తనే తీసుకుంది. ఒక్కో కుట్టూ తెంపుతూ వచ్చింది. పిర్ర దగ్గర నా మాటు చూసి ఒక్క క్షణం ఆగింది. దాన్నీ కత్తిరించింది. చిరిగిన గుడ్డ పక్కకి లాగింది.

నేను కళ్ళు మూసుకున్నాను.

"బాగా తెచ్చారమ్మా," అంది అమ్మ. ఏడుస్తోంది. "నా తండ్రే, చెక్కుచెదరలేదు."

కళ్ళు తెరిచాను. మామయ్య మొహం నిండుగా ఉంది. గుంటలు పడ్డ బుగ్గలు పూడాయి. రెండు తొడలూ నున్నగా, కండపట్టి ఉన్నాయి. గీత కూడా లేదు. ఎడమ తొడ మాత్రం కుడిదాని కన్నా కాస్త నల్లగా, ఎండకి కమిలినట్టుంది. కుర్రవాడి కండలా గట్టిగా ఉంది. అమ్మ తడిగుడ్డతో దాన్ని ముద్దుగా తుడుస్తోంది.

"ఏరా, ఆ కుంటుడేంటి?" అంది, తల తిప్పకుండానే. "పుండేమైనా పడిందా? చూపించు."

నోంబూ తలుపు దగ్గర నిలబడి లాగు పైకి లాగాడు.

ఎడమ తొడలో అరచేతంత గుంట. రక్తం చుక్క లేదు. అడుగున తెల్లగా ఎముక. అంచుల చుట్టూ ఉప్పు పేరుకుంది, కండలో నొక్కి పెట్టినట్టు మిరియం గింజలు ఉన్నాయి.

వాడు వంగి, వేరెవరిదో కాలు చూస్తున్నట్టు చూశాడు. వేలు పెట్టి గుంటలో చుట్టూ తిప్పాడు.

"నొప్పేం లేదక్కా," అన్నాడు.

ఆ వేలు తీసి నోట్లో పెట్టుకున్నాడు. చప్పరించాడు. ఇంకోసారి చప్పరించాడు.

"ఉప్పు బాగా పట్టింది," అన్నాడు.